రెండో కాపీకి రాని నలుపు

నిరుడు మే నెల. నరసరావుపేటలో మా స్టూడియో వెనక గది. నేనూ మా కోడలు సునీతా కాలిటైప్ ఫోటోలు చేస్తాం. ఇనుము, వెండి లవణాలు కలిపిన మందు కాగితానికి బ్రష్‌తో పూస్తాం. అదే కోటింగ్. ఆరాక నెగటివ్ పెట్టి ఎండ చూపిస్తే బొమ్మ దిగుతుంది. చదివింది మూడో తరగతే అయినా పూత నాదే. నా చెయ్యి వణకదు, మందు వృథా పోదు.

మాచవరం నుంచి వెంకటేశ్వర్లనే రైతు వచ్చాడు. చనిపోయిన తండ్రి ఫోటో రెండు కాపీలు కావాలి. ఒకటి తనకు, ఒకటి వేరుపడిన తమ్ముడికి.

"రెండూ ఒక్కలాగే ఉండాల పెద్దమ్మా. మా నాయన మీసం చానా నలుపు. ఒకదాంట్లో తగ్గిందంటే, ఆ తక్కువది వాడికి అంటగట్టానని పంచాయితీ పెడతాడు."

"మీసానికి పంచాయితీ ఏందయ్యా?"

"పొలం గట్టుకే ఏడాది మాటల్లేవు మాకు."

అప్పటిదాకా మా నలుపు గోధుమ రంగు దగ్గరే ఆగిపోయేది. ఈసారి మందు లోపలికి ఇంకిపోకుండా కాగితానికి ముందే గంజి పట్టించాను. దీన్ని సైజింగ్ అంటారు. పైన రెండు పూతలు వేశాను. వెంకటేశ్వర్లు కూర్చుని చూస్తుండగానే మీసం కాటుకలా దిగింది.

మర్నాడు రెండోది చేశాం. అదే గంజి, అదే మందు, అవే రెండు పూతలు. మీసం మట్టి రంగులో వచ్చింది. ఇంకోటి చేశాం, అదీ అంతే.

"మందులో నీళ్లు పోశావా అత్తా?"

"పొదుపంటే కల్తీ అనుకున్నావేమే!"

బ్రష్ మార్చాం, గంజి మళ్లీ కాచాం. ఒక్కో కాగితం పాడవుతుంటే ఏది తప్పో తెలియక నాకు తల తిరిగింది. చివరికి సునీత అంది, "నిన్న ఆయనున్నాడని కూలర్ వేశావు. ఇవాళ వేశావా?"

"మనిద్దరికీ కూలర్ ఎందుకే, కరెంటు దండగ!"

కూలర్ వేసి ఇంకోటి చేశాం. ఆ తడిగాలికి కాగితం పైకి ఆరినా లోపల కాస్త చెమ్మ నిలిచింది. నలుపు దిగింది. అంతా ఆ చెమ్మ వల్లేనా, మళ్లీ కాచిన గంజి కూడా కలిసొచ్చిందా అన్నది ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను.

అన్నదమ్ములిద్దరూ వచ్చారు. "ముందు దిగింది నాకియ్యి పెద్దమ్మా, పెద్దోణ్ణి" అన్నాడు అన్న. తమ్ముడి మొహం మాడింది. రెండు ఫోటోలూ వెలుతురులో పట్టుకుని తిప్పి తిప్పి చూశాను.

"ఏది ముందుదో నాకే తెలియట్లేదు. చెరొకటి తీసుకోండి."

నిజంగానే తెలియలేదు. ముందు తమ్ముడే చెయ్యి చాపాడు. మిగిలింది అన్న తీసుకున్నాడు.

అప్పటినుంచి ఒకసారికి ఒక్కటే మారుస్తాను. నలుపు రెండోసారి కూడా వచ్చేదాకా ఆ పని నాకు వచ్చిందని చెప్పుకోను.