మామ కుడిచెయ్యి, నా వియన్నా వైద్యం

ఆ రోజుల్లో దేశంలోని మూఢత్వమంతా నేను బి.ఏ. ముగించేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత నా చేతిలో చావడానికే బతికి ఉందని నాకు గట్టి నమ్మకం. కర్నూలు రాజధానిగా ఉండి, సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్న కాలం అది. నేను కడపలో చదువుతున్నాను. సాయంత్రమైతే సంస్కరణ పిచ్చి పట్టిన కుర్రాళ్లం కొందరం ఒక మిద్దె మీద చేరి, దేవుడున్నాడా లేడా అన్న సంగతి చేతులెత్తించి తేల్చేవాళ్లం. (ఎప్పుడూ లేడనే తేలేది. ఉన్నాడనేవాళ్లు ఆ మిద్దె ఎక్కేవారు కాదు.) అట్లాంటి ఒక సాయంత్రం మా తర్కశాస్త్రం లెక్చరరు నా చేతికి ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. వియన్నా నగరంలో ఒక నరాల వైద్యుడు మనిషి మనసును విప్పి చూసిన వైనం అందులో ఉంది.

ఆ వైద్యుడి దగ్గరికి వచ్చిన రోగుల్లో కొందరికి చెయ్యి పడిపోయేది, కొందరికి నోటమాట పోయేది, ఇంకొందరికి చూపే ఆనేది కాదట. పరీక్ష చేసి చూస్తే నరాల్లో ఏ లోపమూ లేదు. వాళ్లను పడుకోబెట్టి నోటికి వచ్చిందల్లా మాట్లాడమంటే, మాటల వెంట ఎప్పుడో మింగేసిన భయమో సిగ్గో దుఃఖమో బయటికి వచ్చేది, దానితోపాటు చెయ్యి లేచేది. ఆయన సిద్ధాంతమంతా ఆ పడిపోయిన చేతుల్లోంచే లేచింది. మనసులో మనకు తెలిసింది కొంచెం, తెలియనిది కొండంత. మరిచిపోయామనుకున్నవన్నీ మరుపు కావు, కొన్నింటిని మనమే అణచిపెట్టి పైన కూర్చుంటాం. మనిషి స్వభావం అయిదారేళ్లలోపే చాలావరకు అచ్చుపడిపోతుంది. పైగా లోపల ముగ్గురుంటారు. మంచీ చెడ్డా ఎరగక, కావలసింది ఇప్పుడే కావాలని మొరాయించే కోరిక ఒకటి. చిన్నప్పుడు తల్లీదండ్రీ పెట్టిన కట్టడినంతా మింగి, లోపల పెద్దమనిషిలా కూర్చుని వద్దు వద్దనే అధ్యహం ఇంకొకటి. ఈ రెంటి మధ్యా నలుగుతూ లోకంతో బేరం చేసుకునేది అహం, అంటే మనం ‘నేను’ అని చెప్పుకునేది. ఇంత చదివేసరికి నాకు ఒళ్లు పులకరించింది. పూనకం, చేతబడి, గాలి సోకడం, అన్నింటికీ ఒక్క దెబ్బతో జవాబు దొరికింది. ఇక కావలసిందల్లా చెయ్యి పడిపోయిన మనిషి ఒకడు. ఆ కొరత మా చిన్నమామ తీర్చాడు.

చిన్నమామ మా అమ్మకు తమ్ముడు. ఆత్మకూరు దాటి నల్లమల వైపు ఒక పల్లెలో సేద్యం చేసేవాడు. ఆయన చేనికీ, దాయాది అయిన మీసాలాయన చేనికీ మధ్య హద్దుగా పాతిన గెట్టురాయిని మామ జరిపాడని తగువు వచ్చింది. ఆ రాయి ఎక్కడుండాలన్న దాన్ని బట్టి మామ బావికి పోయే దోవ ఎవరిదో తేలుతుంది. దోవ పోతే ఎద్దులు బావి దగ్గరికి పోలేవు, ఎద్దులు పోకపోతే కపిల తోలి నీళ్లు తోడడానికి లేదు, నీళ్లు లేకపోతే ఆ చేను బీడు. ఊరి పెద్దలు పాతకాలపు తీర్పు ఒకటి చెప్పారు. వచ్చే మంగళవారం అమ్మవారి గుడి ముందు, ‘రాయి నేను జరపలేదు’ అని చెప్పి మామ వెలుగుతున్న కర్పూరాన్ని కుడి అరచేత్తో ఆర్పాలి. ఆర్పితే దోవ ఆయనది. ఆర్పకపోతే మీసాలాయనది. ఆ మర్నాడు మామ లేచేసరికి కుడిచెయ్యి మోచేతి కింద కొయ్యబారిపోయింది. ముద్ద ఎత్తలేడు, పంచె కట్టుకోలేడు. ఆత్మకూరు డాక్టరు సూదితో పొడిచి చూసి, నరాలన్నీ బాగున్నాయని చెప్పి ఒక టానిక్కు రాసిచ్చాడు. ఈ కబురు విన్నప్పుడు మేనల్లుడిగా నేను బాధపడవలసింది. పుస్తకం చంకలో పెట్టుకుని, పెళ్లికి పోయేవాడిలా బస్సెక్కాను.

నేను పోయేసరికి అత్త మంత్రగాణ్ణి పిలిపించే ఏర్పాట్లలో ఉంది. “మీ మామకు ఎవురో సేతబడి సేసిండారు నాయనా. ఊర్లో ఏమో అమ్మోరే పట్టుకునింది, తప్పు సేసినోడు కాబట్టే సెయ్యి పడిపాయె అంటాండారు” అంది. రెండూ అబద్ధమేనని, మంత్రగాడు గడప తొక్కడానికి వీల్లేదని నేను ఉపన్యసించి, పడసాలలో నులకమంచం వేయించాను. పద్ధతి ప్రకారం మామను వెల్లకిలా పడుకోబెట్టి, ఆయనకు కనపడకుండా తల వెనక పీట వేసుకుని కూర్చున్నాను.

“అల్లుడా, యాడుండావురా?”

“నీ వెనకే ఉన్నాను మామా. నేను కనపడగూడదు.”

“మొగం సూపకుండా మాట్లాడేది దొంగోడు గానీ వైద్యుడేందిరా?”

“పద్ధతి అంతే. నోటికి ఏదొస్తే అది చెప్పు. దాచొద్దు.”

మామ దూలాల వైపు చూసి, “ఎద్దులకు కుడితి పెట్టినారా?” అన్నాడు. లోపలినుంచి అత్త “పెట్టినాం” అంది.

“ఇంకేమొస్తోంది మామా?”

“ఇంకేమీ రాల్యా. పెట్టినారంట గదా.”

ఇది ఇట్లా తెగదని తలచి, పుస్తకంలోని అసలు కీలకానికే పోయాను. మగపిల్లవాడు తల్లిని తనదే అనుకుని తండ్రి మీద లోలోపల పగ పెంచుకుంటాడని అందులో ఉంది. చిన్నప్పుడు మీ నాయన మీద కోపముండేదా అని అడిగాను. “మా నాయన నాకు మూడేండ్లప్పుడే పాయె. కోపం తెచ్చుకునేంత పొద్దు యాడిచ్చినాడు?” అన్నాడు మామ. (ఇటువంటి జవాబుకు పుస్తకంలో అధ్యాయం లేదు.)

ఆ సాయంత్రం చావిడిలో పెద్దలు నన్ను సంగతేమిటని అడిగారు. అడగకపోయినా చెప్పేవాణ్ణే. లేచి నిలబడి, అమ్మవారూ లేదు, చేతబడీ లేదు, ప్రతి మనిషి లోపలా తప్పొప్పులు చూసే పెద్దమనిషి ఒకడుంటాడు, వాడే మా మామ చెయ్యి పట్టుకున్నాడు అని చెప్పాను. కడప మిద్దె మీదైతే చప్పట్లు కొట్టేవాళ్లు. ఇక్కడ మీసాలాయన ఒక్కడే తల ఊపాడు.

“శానా బాగ చెప్పినావప్పా. లోపలోడు పట్టుకున్న్యాడు. ఏల పట్టుకున్న్యాడంటావు?”

“తప్పు చేశాననే భావం ఏదైనా ఉంటే...”

“ఆఁ, తప్పు.”

“భావం అన్నాను. తప్పు అనలేదు.”

“మా ఊర్లో రెండూ ఒకటేలేప్పా.”

చావిడంతా నవ్వింది. మూలన కూర్చున్న ముసలాయన ఒకడు తీర్పులా అన్నాడు: “మేం అమ్మోరు అంటాండాం, సదువుకున్న పిల్లోడు లోపలోడు అంటాండాడు. ఇద్దురి మాటా ఒకటే గదా. ఇంకేం గావాల?” మామను మూఢత్వం నుంచి కాపాడడానికి పోయినవాణ్ణి, అమ్మవారి తరపున శాస్త్రీయమైన సాక్ష్యం చెప్పి కూర్చున్నాను.

ఇంటికి పోతే అత్త ముఖం తిప్పుకుంది. “సేతబడి అని సెప్పి నేను మొగుని పరువు కాపాడుకుంటాంటే, నువ్వొచ్చి దొంగను సేస్తివే నాయనా” అంది. ఆ మాటలో నేను చెప్పిన సిద్ధాంతం కంటే లోకజ్ఞానం ఎక్కువుందని ఒప్పుకునే వయసు కాదు నాది. మామ మాత్రం నన్ను తిట్టలేదు. “రాయి నేను ముట్టలేదురా అల్లుడా. నువ్వన్నా నమ్ముతాండావా?” అన్నాడు. నమ్ముతున్నానన్నాను. “మరి సెయ్యేల లేయల్యా?” అన్నాడు. ఆయన దబాయించడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

సోమవారం మధ్యాహ్నం మామ తనంతట తానే వచ్చి మంచం మీద పడుకున్నాడు. తెల్లవారితే కర్పూరం. అంతలో మీసాలాయన కూడా వచ్చాడు. చెయ్యి నిజంగా పడిపోయిందా, వేషమా చూసిపోదామని వచ్చి ఉంటాడు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. రోగి మాటలు పరాయివాళ్లు వినగూడదని పుస్తకం చెబుతుంది గాని, నాకు అప్పటికి పుస్తకం మీదా, ఊరి మీదా, మామ తండ్రి తొందరపడి పోవడం మీదా అలక వచ్చి ఉంది. పీట మీద కూర్చుని ఒక్క ప్రశ్నా వేయలేదు. అరగంట గడిచింది. ఈగలు ముసురుతున్నాయి.

“కర్పూరం అనుకుంటే సాలు, నాకు నోట్లో పొట్టేలి కూర రుచి వస్తాందిరా” అన్నాడు మామ.

ఇంకో రోజైతే ఆ పొట్టేలు దేనికి ప్రతీకో నేనే చెప్పి ఆయన నోరు మూయించేవాణ్ణి. అలకలో ఉన్నాను గనుక మాట్లాడలేదు. మామ దూలాలతో మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయాడు.

“అమ్మోరికి ఇడిసిన పొట్టేలు అది. నాకు పదేండ్లుంటాయేమో. నేనూ, అదో ఆ మీసాలోడూ, అప్పుడు మీసాల్యా వానికి, దాన్ని వంకలోకి తోలుకపోయి కోసుకొని కాల్చుకొని తింటిమి. ఊరు మామీదనే అనుమానపడె. గుడి ముందర ఇద్దురి సేతా కర్పూరం ఆర్పించిరి. మేం తినల్యా అని చెప్పి ఆర్పితిమి. బొబ్బ గూడా రాల్యా. మా యమ్మ నా బిడ్డ నిప్పు అని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునె. సచ్చేదాకా చెప్పుకునె.” ఎడమచేత్తో ఈగను తోలాడు. “ఆ పొద్దు అబద్దానికి ఊరకుండె ఆ తల్లి. రేపు నిజానికి కాలుస్తాదేమోరా.”

అరుగు మీద మీసాలాయన ఇబ్బందిగా కదిలాడు. “ఆ మాట ఇప్పుడేలప్పా, పిల్లోని ముందర?”

“నోటికొచ్చింది చెప్పమన్న్యాడు, చెప్తాండా.”

“చెప్తే నిజం చెప్పు. ఇద్దురం కలిసి కోసినట్టు చెప్తాండావు. కోసిందీ నేనే, కాళ్లు పట్టుకునిందీ నేనే. నువ్వు వంక గడ్డన నిలబడి ఏడుస్తాంటివి.”

“నేనా? ఏడ్చింది నువ్వప్పా. ఆ పొట్టేలు నిన్ను తన్నె, నువ్వు బోర్ల పడితివి. నాలుగు కాళ్లూ ఇట్ల కలిపి ఇట్ల అదిమి పట్టుకుంటి నేను” అంటూ మామ లేచి కూర్చుని, రెండు పిడికిళ్లూ బిగించి గాలిలో పొట్టేలిని అదిమి చూపించాడు.

గుమ్మంలో నిలబడిన అత్త మెల్లగా, “సెయ్యి” అంది.

మామ తన కుడి పిడికిలి వైపు ఎవరిదో వస్తువు తన ఒళ్లో పడినట్టు చూశాడు. నేను పీట మీదినుంచి లేచిన ఊపుకు పీట బోర్లాపడింది. వియన్నా గెలిచింది. ఆ గెలుపు నాకు దక్కింది ఒక్క నిమిషమే. మామ ముఖం పాలిపోయింది. రేపటి కర్పూరానికీ ఆయనకూ మధ్య అడ్డుగా నిలిచింది ఆ పడిపోయిన చెయ్యి ఒక్కటే. ఆ అడ్డు కాస్తా తీసేశాం. నా పుస్తకం రోగం ఎట్లా పోతుందో చెప్పింది గాని, పోయిన మర్నాడు రోగి ఎక్కడ తల దాచుకోవాలో చెప్పలేదు.

మీసాలాయన ఆ పిడికిలి వైపే చూస్తూ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. “రేపు నువ్వు ఆర్పుతావు” అన్నాడు చివరికి. “ఆర్పితే నేను నమ్మల్ల. ఎట్ల నమ్మేది? ఆ పొద్దు ఎంత సక్కగా ఆర్పితివో నా కండ్లారా చూస్తి గదా.”

“నువ్వు ఆర్పినా నేను నమ్మను పో” అన్నాడు మామ.

“నమ్మగూడదు గూడా” అని ఒప్పుకున్నాడు మీసాలాయన.

ఆ పొద్దుగూకేలోగా ఆయనే చావిడికి పోయి, కర్పూరం వద్దు, తాలూకా నుంచి సర్వేయరును పిలిపిద్దామని చెప్పాడట. ఎందుకని పెద్దలు ఎంత అడిగినా చెప్పలేదట. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచి, దోవ మామదేనని తేల్చాడు. వంక పొంగినప్పుడు రాయి కిందిమట్టి కోసుకుపోయి ఒరిగిందన్నాడు. ఎండకు గొలుసు సాగిందని మీసాలాయన కొంతకాలం సణిగి మానుకున్నాడు. కర్పూరం ప్రమాణం మీద నేను కడపలో చేసిన ఉపన్యాసాలన్నీ కలిసి ఒక్క పల్లెలో ఒక్క ప్రమాణాన్ని ఆపలేదు. ఆ పల్లెలో దాన్ని ఆపింది ఒకరి అబద్ధం ఒకరికి తెలిసిన ఇద్దరు మనుషులు. నేను బయలుదేరే పొద్దున అత్త ఆ మంచం కోళ్లకు పసుపు పూస్తోంది. ఇది శాస్త్రం అత్తా, పసుపు వద్దు అన్నాను. “నీకేం తెలుసు నాయనా, ఊరకుండు” అంది.

తర్వాతి కాలంలో నేను ఆ వియన్నా సిద్ధాంతాన్ని కూడా వదిలిపెట్టలేదు, అంటే విమర్శించకుండా వదిలిపెట్టలేదు. రోగి అవునంటే రుజువు, కాదంటే అణచివేత అనే శాస్త్రంతో వాదించడం జ్యోతిష్కుడితో వాదించడం లాంటిదేనని రాశాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కాని పిడికిలి బిగించి తన చేతిని తానే వింతగా చూసుకున్న మామ ముఖం గుర్తొచ్చినప్పుడు, ఆ వ్యాసంలో ఒకటి రెండు వాక్యాలు మరీ గట్టిగా రాశానేమో అనిపిస్తుంది. ఇన్నేళ్లలో ఎన్ని సభల్లో మాట్లాడానో. ఎదుటివాడి చెయ్యి లేచింది మాత్రం నేను అలిగి నోరు మూసుకున్న ఆ అరగంటలోనే. ఆ కిటుకు అబ్బుతుందేమోనని ఈమధ్య ఇంట్లో అప్పుడప్పుడు మాట్లాడకుండా కూర్చుని చూస్తున్నాను. పది నిమిషాలు దాటితే మా ఆవిడ వచ్చి, జ్వరమేమోనని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది.