పులుసులో తలకాయ తీసేశాడు

మన గ్రూపులో అందరూ ఎలా ఉన్నారు? చెల్లీ, నీ మోకాళ్ళ వాపు తీసిందా? తమ్ముడూ, సుగర్ మాత్ర మానెయ్యలేదు కదా? మల్కాపురం అమ్మాయీ, ఆ ఫ్యాక్టరీల పొగకి పిల్లాడి దగ్గు తిరగబెట్టలేదు కదా?

నాకు మాత్రం పొద్దున్నుంచి ఒళ్ళు మండుతోంది. మా మనవడు ఇంట్లో కూర్చుని మనుషుల మాటలు రికార్డు చేసి కంప్యూటర్లో పెడతాడు. పాడ్‌కాస్ట్ అంటాడు. మా ఆయన పోయి ఏడాది అయిందని నా చేత ఆయన గురించి చెప్పించాడు. ఈ రోజు వినిపించాడు. ఆయన ఫ్యాక్టరీ షిఫ్టులు ఉన్నాయి, నా మీద ప్రేమ ఉంది. చేపల పులుసులో తలకాయ కోసం మేము కాపురమంతా పోట్లాడుకున్న సంగతి లేదు.

"తలకాయ గొడవేదిరా?" అన్నాను.

"తీసేసినాను మామ్మా. పోయినోల గురించి అలగంటే వినేటోలు ఏటనుకుంటారు?"

"నువ్వు సేసిన దేవుడెవడో నానెరగను. అలాటోడితో నాను కాపరం సెయ్యలేదు."

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇది టైపు చేస్తున్న మా కోడలు ఇప్పుడు తలకాయ నా కంచంలోనే వేస్తోంది. లాక్కునే మనిషి లేక ముద్ద దిగడం లేదు. వాడు ఇలాగే మాటలు కోసుకుంటూ పోతే ఆయన ఎలాంటివాడో నేనూ మరిచిపోతానేమోనని భయంగా ఉంది. మీ ఇళ్ళల్లోనూ పోయినవాళ్ళందరూ మంచివాళ్ళు అయిపోతున్నారా? చెప్పండి.

మళ్ళీ రికార్డు చేయడానికి వాణ్ణి ఒప్పించాను. తమ్ముడూ, నా కంచంలోంచి ఆయన చేప తలకాయ లాక్కున్న రోజు నువ్వు పక్క పీట మీదే ఉన్నావు. సాక్ష్యానికి నువ్వు రావాలి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, భోజనానికి.