ముసలమ్మ వెంట నడక

ఆటల్ల పక్క కథలు పట్టుకునుడు నాకు వచ్చినంత మా ఆఫీసుల ఇంకెవ్వరికీ రాదు. గొప్పలు చెప్పుకుంటున్నదనుకుంటే అనుకోండి, నాకేం ఫికర్ లేదు. పదకొండేండ్ల సంది ఇదే పని చేస్తున్న. పొద్దుగాల పుప్పాలగూడ నుంచి స్కూటీ మీద వచ్చి, తొమ్మిదో అంతస్తుల కూసొని, సాయంత్రం దాకా వీడియో గేములు ఆడుత. దానికి జీతమిస్తరు. మా అత్తమ్మకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. "ఆడుకునుడేంది, ఉద్యోగమేంది?" అంటది. చుట్టాలు అడిగితే మాత్రం కోడలు సాఫ్ట్‌వేర్ అని చెప్తది.

ఆడుడంటే కాళ్ళు చాపుకొని ఆడుడు కాదు. ఆట బయటికి పోకముందే దాంట్ల తప్పులు పట్టాలె, బగ్గులంటం వాటిని. గోడల నుంచి మనిషి దూరిపోతున్నడా, తలుపు తెరిస్తే ఆట ఆగిపోతున్నదా, గుర్రం నీళ్ళ మీద నడుస్తున్నదా, ఇవన్నీ చూసి రాయాలె. ఒక్క తలుపును వందసార్లు తెరిచి మూసిన రోజులున్నయి. ఓపిక ఉండాలె. నాకు మనుషుల మీద లేదు గానీ ఆటల మీద మస్తుంది.

అప్పుడు మేం చేస్తున్నది పెద్ద ఆట. కోటలు, కత్తులు, మంత్రగాళ్ళు. రాజ్యం పోగొట్టుకున్న ఒక పిల్ల, మంత్రగాణ్ణి చంపి రాజ్యం తిరిగి తెచ్చుకోవాలె, అదీ అసలు కథ. ఆ దారి పొడుగునా ఊర్లుంటయి. ఊర్లల్ల మనుషులు ఏదో ఒక చిన్న పని అడుగుతుంటరు. చేస్తే చెయ్, లేకుంటే నీ దారిన నువ్వు పో. వాటినే సైడ్ క్వెస్టులంటరు. నేను పక్క కథలంట.

నిజం చెప్పాలంటే, ఆట అయిపోయినంక అసలు కథ ఎవ్వరికి యాదుంటది? మంత్రగాడు సచ్చిండు, రాజ్యం వచ్చింది, అయిపాయె. యాదుండేవి పక్క కథలే. మా ఆటల ఒక బ్రహ్మరాక్షసి ఉంటది. దాన్ని చంపాలని అందరూ కత్తి దూసుకొని పోతరు. దానికి పన్నునొప్పి. అందుకే అట్ల అరుస్తున్నది. లవంగాలు తెచ్చిస్తే చల్లబడి, నీకు మొక్కి పోతది. ఇంకో ఊర్ల ఒక దర్జీ ఉంటడు. కొండ మీది భూతం కొలతలిచ్చి పోయిందట, ఈయన అంగీ కుట్టిండు, ఇప్పుడు ఎవ్వరు తీస్కపోయి ఇయ్యాలె? ఇట్లాంటియి చూస్తే నాకు పండుగే.

అవి ఎట్ల దొరుకుతయంటే, తెర మీద బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు పోవద్దు. నెత్తి మీద ఏ గుర్తూ లేనోళ్ళతోనే ముందు మాట్లాడాలె. ఒకసారి "పో పో" అన్నోని దగ్గరికి మళ్ళ పోవాలె, రెండోసారి వేరే మాట చెప్తడు. ఊరవతల ఒక్కటే ఇల్లుంటే ఊకె కట్టరు, ఎవడో ఒక్కడు కష్టపడి గీసి ఉంటడు, అండ్ల తప్పకుండా ఏదో ఉంటది. ఈ మాటలు కొత్తగా చేరినోళ్ళకు నేను గర్వంగా చెప్పేదాన్ని.

గిట్ల ఉన్నప్పుడే ఒకనాడు మా టీమ్ లీడ్ వచ్చిండు. నా కన్న చిన్నోడే, విజయవాడ దిక్కు పిలగాడు, నన్ను ఆటపట్టించుకుంట "మేడం" అంటడు. "మేడం, పక్క కథలు ఎక్కువైపోయాయండి. సగం తీసెయ్యాలి. ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో మీరే చెప్పండి. మీ మాటే ఫైనల్" అన్నడు. నాకు ఆ మాటతోనే కడుపు నిండింది. వారంల లిస్టు చేసిచ్చిన. ఒక్కో కథ పక్కన ఒక్క ముక్క రాసిన. ఉంచండి. తీసెయ్యండి.

తీసెయ్యండి అన్నవాట్ల ఒకటి మాస్టారు రాసింది.

మాస్టారంటే మాతోని పనిచేసే ఆయనే. యాభై దాటినయి. కాకినాడ దిక్కు బళ్ళె తెలుగు చెప్పి, ఆ ఉద్యోగం ఇడిచిపెట్టి, కథలు రాసుడు ఇష్టమని మా దగ్గరికి వచ్చిండు. ఆఫీసు మొత్తం చెప్పులు, టీషర్టులు. ఆయన ఒక్కడే ఇస్త్రీ చొక్కా. ఎవరితోనన్నా "మీరు", "అండి". ఆయన్ని ఆరు నెలలు చూద్దామని తీసుకున్నరు, ఆ ఆరు నెలలు అయిపోవస్తున్నయి. ఆయన రాసిన కథ ఆటలకు ఎక్కింది ఒక్కటే. అది పోతే ఆయన కూడా పోతడని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా కథ బాగలేకుంటే నేనేం చెయ్యాలె? జాలిపడి ఉంచమంటనా?

ఆ కథ ఇది. ఒక ముసలమ్మ ఇత్తడి గిన్నె పట్టుకొని నిలబడి, "అవతలి ఊళ్ళో మా చెల్లెలింటి దాకా తోడొస్తావా తల్లీ?" అని అడుగుతది. తీస్కపోయి దించాలె. "చల్లగా ఉండు తల్లీ" అని రెండు రొట్టెలిస్తది. అంతే. దొంగలు రారు, పులి రాదు. నేను లిస్టుల రాసిన మాట: "దీంట్ల ఏం లేదు. తీసెయ్యండి."

లిస్టు చూసినంక మాస్టారు నా సీటు కాడికి వచ్చిండు. కోపం లేదు, అడుక్కునుడు లేదు.

"ఆడి చూశారా అమ్మా?" అన్నడు.

"చూసిన సార్. రెండుసార్లు."

"ఆవిడతో నడిచారా?"

నాకు నషాళానికి అంటింది. పదకొండేండ్ల పని నాకు ఈయన నేర్పిస్తడా? "అన్నీ చూసే రాసిన సార్" అన్న, గట్టిగనే. ఆయన తల ఊపి, "సరేనమ్మా" అని పోయిండు. ఆయన పోయినంక కూడా నాకు జోరీగ లెక్క అదే మాట చెవుల తిరిగింది. ఎందుకంటే నేను నడవలేదు.

టెస్టింగ్ చేసేటోళ్ళు ఎవ్వరూ నడవరు. మాకు ఒక కీ ఉంటది. అది నొక్కితే ఆటల ఎక్కడికంటే అక్కడికి ఎగిరి పడొచ్చు. జంప్ అంటం. ఇన్నిన్ని కథలు చూడాలె కదా, ప్రతిసారి కొండెక్కి దిగుకుంట పోతే పని ఎప్పుడు తెములుతది? ముసలమ్మ అడుగుతది, ఊఁ అంట, జంప్ కొడత, చెల్లెలింటి ముందట ఉంటం, రొట్టెలు. రెండుసార్లు అట్లనే చూసిన. ఇది తప్పని నాకు తోచనన్న తోచలేదు, అదే మా పని కాబట్టి.

మర్నాడు మధ్యాహ్నం, అన్నం తిన్నంక, చాయ్ తెచ్చుకొని కూసున్న. మనసు మార్చుకొని కూసున్ననని అబద్ధం చెప్పను. నడిచి కూడా ఏం లేదని రాసి, ఆయన నోరు మూయించాలని కూసున్న.

ముసలమ్మ జర మెల్లగా నడుస్తది. మనం ఉరికితే ఆగిపోయి, మాట బంద్ చేస్తది. మళ్ళ ఎనకకు వచ్చి ఆమె పక్కన నడవాలె. తిట్టుకుంట నడిచిన. మొదలు ఆమె చెప్పింది, గిన్నె చెల్లెలిదట, ఇచ్చేసి వస్తదట. వాగు దాటినంక, "గిన్నె నాదేలే. దానికి నాలుగు మాటలు అంటించి రావాలి, అందుకే వెళ్తున్నాను" అన్నది. చేను గట్టు మీద ఆ నాలుగు మాటలు నాకే చెప్పి చూసింది. "నువ్వు నా పెళ్ళికి రాలేదు" అన్నది. "అమ్మ పోతే నేను కబురు పెట్టలేదంటావు" అన్నది. మళ్ళ తనే, "కబురు పెట్టాను, ఆలస్యంగా పెట్టాను" అని గొంతు తగ్గించింది. అప్పటికి నా చాయ్ మీద మీగడ కట్టింది.

ఊరు కనిపించే మలుపు కాడ ముసలమ్మ ఆగింది. ఎనకకు తిరిగింది. వచ్చిన దారి దిక్కు చూసుకుంట నిలబడ్డది. ఒక్క మాట లేదు, పాట లేదు, గాలి సప్పుడు తప్ప ఏం లేదు. ఇంటికి వాపస్ పోతదేమో అనుకున్న. నా చెయ్యి దానంతటదే కీల మీది నుంచి లేచింది. "పోవే, ఇంత దూరం వచ్చినవ్ కదనే" అని బయటికే అన్న. పక్క సీటామె తిరిగి చూసింది.

అప్పుడు ముసలమ్మ తిరిగి, గిన్నె చంకల పెట్టుకొని, ముందటికి నడిచింది. ఇంటి తలుపు కాడ "ఇక నువ్వెళ్ళు తల్లీ" అని రొట్టెలిచ్చింది. తలుపు తెరుస్తరో లేదో ఆటల చూపెట్టరు.

నాకు ఏడుపొచ్చింది. ఎనకనే సిగ్గయింది, ఆ సిగ్గు ఏడుపు కన్న ఎక్కువున్నది. ఒక మనిషి బతుకుదెరువును ఒక్క ముక్కల తీసెయ్యండి అని రాసిన, అదీ చూడకుండా. లిస్టు మళ్ళ తెరిచిన. నేను తీసెయ్యమన్నవన్నీ మెల్లగా నడిచేటియే, దారిల మాట్లాడేటియే. ఒక్కదాన్ని కూడా నడిచి చూడలేదు.

శుక్రవారం పొద్దుగాల మీటింగ్‌ల, అందరూ కూసున్నంక, నేనే మొదలు లేచిన. "నా లిస్టు తప్పు. జంప్ కొట్టి చూసి రాసిన. తీసెయ్యమన్నవన్నీ మళ్ళ నడిచి చూస్త. మాస్టారుది మాత్రం ఇప్పుడే వాపస్ పెట్టాలె" అన్న.

లీడ్ మొఖం మాడ్చిండు. "మేడం, లిస్టు పైకి పంపేశాను. ఇప్పుడు మార్చమంటే వాళ్ళు నన్ను తింటారు."

"నా పేరు చెప్పు, నన్ను తిననియ్యి."

"అసలు అందులో ఏముందండి?"

"చెప్ప. నువ్వే ఆడి చూడు." కంట్రోలర్ లీడ్ చేతుల పెట్టి, గోడ మీది పెద్ద తెర ఆన్ చేసిన. మాస్టారు తల ఒంచుకొని టేబుల్ దిక్కు చూస్తున్నడు. లీడ్ మొదలుపెట్టంగనే ఉరికిండు. "ఉరకకు" అన్న. మళ్ళ ఉరికిండు. "ఏందయ్యా నీ తొందర, మీ చెల్లెలింటికా పోతున్నవ్?" అన్న. అందరూ నవ్విన్రు. ఆ తర్వాత నడిచిండు. వాగు దాటిండు, గట్టు దాటిండు. మలుపు కాడ ముసలమ్మ ఆగి ఎనకకు తిరిగినప్పుడు, నవ్వినోళ్ళు గూడ తెర దిక్కే చూసిన్రు. లీడ్ ముందటికి ఒంగి కూసున్నడు. ఆమె మళ్ళ నడిచినంక ఊపిరి ఇడిచిపెట్టిండు.

ఆట ఆపి, కంట్రోలర్ టేబుల్ మీద పెట్టిండు. "ఉంచుదాం" అన్నడు. "ఆ ఆగడం ఉంది చూశారా, దానికోసమైనా ఉంచాలండి. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను." మాస్టారు దిక్కు తిరిగి, "సార్, ఇలాంటిది ఇంకోటి రాయండి. ఎప్పటికి ఇస్తారు?" అని అడిగిండు. అంటే ఆయన ఉంటున్నట్టే. నాకు గుండె మీది బండ దించినట్టయింది.

అప్పుడు మూలకు కూసున్న ప్రోగ్రామర్ పిల్ల చెయ్యి లేపింది. ఆ ముసలమ్మను నడిపించే కోడ్ రాసింది ఈ పిల్లనే. మొఖం ఎర్రగయింది.

"అక్కా, సారీ. ఆమె ఆగుడు బగ్ అక్కా. ఆ మలుపుల ఒక రాయి అడ్డమున్నది. ముసలమ్మకు దారి దొరకక ఆగుతున్నది. ఎనకకు తిరిగి వేరే దారి ఉన్నదా అని చూస్తది, దొరకంగనే నడుస్తది. మాస్టారు కథల అది లేదు. చిన్న పనే, మధ్యాహ్నం వరకు తీసేస్త."

తప్పులు పట్టుడే బతుకుగా ఉన్నదాన్ని, తప్పు చూసి ఏడ్చిన. లీడ్ నన్ను చూసిండు, నేను మాస్టారును చూసిన. కథ ఆయనది. ఆయన రాయనిదాన్ని అందరం మెచ్చుకున్నం. కష్టపడి రాసిన మనిషికి ఆ మాట ఎట్లుంటదో నాకు తెలుసు. ఇప్పుడు ఆయన ఆ రాయి తీసెయ్యమంటడు, తీసేస్తే ఆ మలుపు ఉత్త మలుపయితది, లీడ్ మళ్ళ మనసు మార్చుకుంటడు.

మాస్టారు కండ్లద్దాలు తీసి, చొక్కా అంచుతోని తుడుచుకున్నడు. తొందరపడలేదు.

"నేను రాసినావిడ ఎక్కడా ఆగదమ్మా" అన్నడు, ఆ పిల్లతోని. "గబగబా నడిచి, మాట్లాడుతూనే వెళ్ళిపోతుంది. ఆగనిస్తే వెనక్కి వెళ్ళిపోతుందని నాకు భయం. నేను అలాగే వెనక్కి వచ్చేశాను, మా తమ్ముడి వీధి మలుపు దాకా వెళ్ళి. రెండుసార్లు." కండ్లద్దాలు మళ్ళ పెట్టుకున్నడు. "ఆగి కూడా వెళ్ళొచ్చని నాకు తెలీలేదు. ఆ రాయి తియ్యకండమ్మా."