మడుగు గట్టున మా అక్క పుల్ల

ఖమ్మం కొత్త బస్టాండులో ఆరుంబావుకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కేలోపే అక్కా నేనూ రెండుసార్లు పోట్లాడుకున్నాం. ఆ రోజు శుక్రవారం. సోమవారం హైదరాబాదులో వసంతక్కకు రొమ్ము ఆపరేషన్. "కత్తి పడకముందు ఒక్కసారి ఈత కొట్టాలె" అంటుంది. తిరుమలాయపాలెం దగ్గర మా ఊళ్లో, వీపుకు బెండు కట్టుకుని బావిలో దూకిన మనిషి. పెళ్లయ్యాక నలభై ఏళ్లుగా బకెట్ నీళ్లే. జలుబు చేస్తే ఆపరేషన్ ఆగుతుందని నేను, ఆగితే ఆగనీ అని ఆమె. వద్దంటాడనే ఆశతో డాక్టరుకు ఫోన్ చేశాను. వెళ్లి రమ్మన్నాడు.

ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్లు తీసుకున్నాం. ఎనిమిదికి కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్లలా ఉంది, ఆ మాట హోటలతనికి చెప్పే వచ్చాను. పాల్వంచ దాటాక, సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోయే ఆవిడ మా పక్కన కూర్చుని ఎక్కడికని అడిగితే, అడవిలో మడుగుకని చెప్పాం.

"గా పుల్లల మడుగుకా? గీ వయసులనా అక్కా?"

"నా వయసు నీళ్లకేం తెలుస్తది?" అంది అక్క.

"నీళ్లకు తెల్వదు, దగ్గు మందు పోసే నాకు తెలుసు" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది.

తొమ్మిదింబావుకు గోదావరి వంతెనకు ఇవతలే, సారపాకలో దిగి యాదగిరి అనే అతని ఆటో రానూపోనూ మాట్లాడుకున్నాం. వెళ్లదలచినవాళ్లు మంచినీళ్లూ పొడిబట్టలూ అక్కడే సర్దుకోవాలి, ఆపైన కొట్టు లేదు. జామాయిల్ తోటలు దాటాక తారు అయిపోయింది. టేకు అడవిలో మట్టిబాట. పదిన్నరకు ఆటో ఆగింది. ఇరవై నిమిషాలు నడిస్తే వాగు, వాగు మలుపులో బండల నడుమ మడుగు. అంచున నీళ్లు అడుగు కనబడేంత తేట, మధ్యలో నల్లగా లోతు.

గట్టున ముత్తమ్మ అనే ముసలామె కట్టెలు ఏరుతోంది. మమ్మల్ని చూసి రెండు పుల్లలు తెచ్చింది.

"దిగేటోళ్లు ఇసుకల పుల్ల గుచ్చాలె. బయటికొచ్చినంక ఎవల పుల్ల వాళ్లే పీకాలె. పుల్ల మిగిలిందంటే మనిషి లోపలున్నట్టు."

"ఏందమ్మా, నా కాలేజీల లెక్క హాజరా?" అన్నాను.

"అవ్, నీళ్లకాడ హాజరే" అని ఆమె కట్టెలమోపుతో వెళ్లిపోయింది.

నాకు ఈత రాదు, నా పుల్ల పారేశాను. అక్క తన పుల్లకు జడ రబ్బరు చుట్టి, ఇసుకలో గుచ్చి, పాత చుడీదారుతో దిగింది. మొదట ఒగర్చింది. తర్వాత వెల్లకిలా తేలి, చెవుల దాకా నీళ్లలో మునిగి, కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. నేను రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవబుద్ధి కాలేదు.

పన్నెండు దాటాక మాత్రం నాలో లెక్చరరు లేచింది. తల తుడిచి, బట్టలు మార్పించి, బస్సు పోతుందని తొందరపెట్టాను. అక్క వెనక్కి తిరిగింది. "పుల్ల..."

"పుల్లదేముంది, నడువ్!"

ఒంటిగంటన్నరకు సారపాకలో అన్నం ముందు కూర్చున్నాం. బయట ఉన్న యాదగిరి, మడుగు పక్క ఊరి నుంచి వచ్చిన ఫోను పట్టుకుని లోపలికొచ్చాడు.

"మేడం, పుల్ల పీకలేదా? ఊరోళ్లు మడుగుల దిగిన్రు."

"మేం ఈడున్నమని చెప్పు!"

"చెప్పిన. నోటిమాటకు బయటికి రారు మేడం. వెనుకట ఒకామె గిట్లనే ఎల్లిపోయిందంటే నమ్మిన్రు. తెల్లారి పీనుగై తేలింది. అక్క వచ్చి పీకితెనే ఎక్కుతరు."

అక్క అప్పటికే చెయ్యి కడుక్కుంటోంది.

మేము వెళ్లేసరికి మూడు కావస్తోంది. మడుగులో ఐదుగురు మగవాళ్లు, నడుములకు తాళ్లతో. ఒకడు మునిగితే ఇంకొకడు తేలుతున్నాడు, పెదవులు నల్లబడ్డాయి. గట్టున ఆడవాళ్లు తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. మా అక్క ఎవరో వాళ్లకు తెలియదు. తెలిసిందల్లా రబ్బరు చుట్టిన ఒక పుల్ల.

అక్క చెప్పులు వదిలి ఇసుకలోకి నడిచి, వంగి, పుల్ల పీకి పైకెత్తింది. ముత్తమ్మ తన భాషలో ఏదో కేకేసింది. ఒక్కొక్కరే ఎక్కి వచ్చారు.

"తప్పు మా అక్కది కాదు, నాది. ఆమె పీకుతనంటే, ఈత రాక గట్టునే కూసున్న నేనే ఆపిన" అన్నాను. ఎవరైనా తిడితే బాగుండేది. తిట్టుకు జవాబు చెప్పడం నాకు వచ్చు. వాళ్లలో పెద్దాయన గట్టున వేసిన మంట దగ్గర వణుకుతూ, "నీకు ఈత రాకపోవుడే మంచిగైంది మేడం, రెండు పుల్లలైతే సచ్చేటోళ్లం" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్క వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూసి దండం పెట్టింది. ముత్తమ్మ అక్క తడి జుట్టు తడిమి, "వచ్చినవ్ గదా" అంది, అంతే.

ఐదుంబావుకు సారపాకలో ఖమ్మం బస్సు ఎక్కాం. ఆ మడుగుకు వెళ్లమనే చెబుతాను. అంత మంచి నీళ్లు మా జిల్లాలో నేను చూడలేదు. కానీ అక్కడ మీరు బయటికొచ్చారా లేదా అని ఎవరో చూస్తుంటారనే ఎరుకతో వెళ్లండి. నాకది లేకపోయింది.

కొత్తగూడెం దాటాక అక్క ఆ పుల్ల నా చేతిలో పెట్టింది.

"సోమారం నన్ను లోపలికి తీస్కపోతే ఇది నీకాడుండాలె. బయటికొచ్చినంక నేనే అడిగి తీస్కుంట. నువ్వు తీసి ఇయ్యకు."

పుల్లదేముంది అనలేదు నేను. బ్యాగులో పెట్టి, జిప్పు వేసి, ఖమ్మం దాకా ఒళ్లోనే పట్టుకున్నాను.