ఆపా రాతలో నా మాటలు

షహనాజ్ ఆపాకి తమ్ముడు లేడు. ముందు ఆ సంగతి తేల్చాలి. తమ్ముడికి వీసా ఇప్పించలేదన్న కక్షతో ఆమె ఓ కన్సల్టెన్సీ మీద కరపత్రం రాసిందనీ, చేజేతులా షాపు పోగొట్టుకుందనీ సిడ్నీలో మా తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. బార్బెక్యూ పొయ్యి చుట్టూ ప్లేట్లు పట్టుకుని నిలబడి మరీ చెప్పుకుంటారు. లేని తమ్ముణ్ణి పుట్టించారు, అతని పేరు మీద లేని కక్షను పుట్టించారు. ఎవరేమన్నా ఎదురు చెప్పి తీరుతుందని పేరు పడ్డ నేను, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఇరవై ఏళ్లకు పైగా తలాడిస్తూ వచ్చాను. ఒక్కోసారి తల కూడా ఆడించలేదు. సలాడ్ వడ్డించుకున్నాను. ఆ తలాడింపులన్నీ నా మెడ మీదే ఉన్నాయి. ఇక మోయలేను.

కరపత్రం ఆమె రాయలేదు. నేను రాశాను.

రాసినందుకు నేను క్షమాపణ చెప్పడం లేదు. అది రాయాల్సిందే. తప్పు వేరే ఉంది. దాని దగ్గరికి వస్తున్నాననుకుంటూనే ఇప్పటికి రెండుసార్లు టీ పెట్టుకోవడానికి లేచాను.

పెండిల్ హిల్ స్టేషన్‌కి దగ్గర్లో ఉండేది ఆపా షాపు. ముందు భాగం పుస్తకాలు, రెండు వారాలు ఆలస్యంగా వచ్చే తెలుగు వారపత్రికలు. వెనక పప్పులు, పచ్చళ్లు, కరివేపాకు. ఆపా అంటే అక్క, అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమెది గుంటూరు. తెలుగు మీడియంలో చదువుకున్న మనిషి. ఏ నవల ఎవరికి నచ్చుతుందో మొహం చూసి చెప్పేది. నా మొహం చూసి, "నీకు నవలలు పడవులే అమ్మాయ్, రచయితతో దెబ్బలాటకి దిగుతావు," అనేది.

అది వైటూకే హడావుడి ముగిసిన ఏడాది. కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని భయపెట్టి మనవాళ్లను విమానాల్లో తెప్పించారు. జనవరి ఒకటి వచ్చింది, పోయింది, ఏదీ కూలలేదు. కూలినవి ఆ ఉద్యోగాలే. మా వీధిలో ఒక ఇంట్లో ఐదుగురు కుర్రాళ్లను పెట్టింది ఆ కన్సల్టెన్సీ. పని లేదు. పాస్‌పోర్టులు మాత్రం భద్రత కోసమని ఆఫీసు బీరువాలో పెట్టుకుంది. అందులో ఒకతనికి మరో కంపెనీలో ఉద్యోగం దొరికినా పాస్‌పోర్టు చేతికివ్వలేదు. మా ఆయన కూడా అదే కన్సల్టెన్సీ మీద వచ్చిన మనిషే. మా వీసా వాళ్ల సంతకం మీద నిలబడి ఉంది. ఇది గుర్తుంచుకోండి. నేను ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

అప్పుడు నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో లండన్‌లో రాజకీయ కరపత్రాలు అచ్చువేయించి అమ్మిన ఆడవాళ్ల గురించి. అక్కడ ఒక పద్ధతి ఉండేది. కరపత్రం మీద రాసినవాడి పేరు ఉండదు. అమ్మే ఆవిడ పేరు, ఆమె దుకాణం చిరునామా ఉంటాయి. ప్రభుత్వం మనుషులొచ్చి నిలదీస్తే, ఎవరో తెచ్చి బల్ల మీద పెట్టి పోయారు, పేరు అడగలేదు అని చెప్పేది. ఆ ఒక్క వాక్యం ఎన్ని వాంగ్మూలాల్లో చదివానో. చదివిన ప్రతిసారీ వాళ్ల మీద గౌరవం పెరిగేది. రాసినవాళ్లు ఆ సమయానికి ఎక్కడున్నారని మాత్రం నేను అడగలేదు. ఎందుకు అడగలేదు?

ఎనిమిది పేజీలు రాశాను. మీ పాస్‌పోర్టు మీది, దాన్ని ఎవరూ దాచిపెట్టకూడదు, అడగండి, ఇవ్వకపోతే ఇక్కడికి వెళ్లండి. అంతే విషయం. కంప్యూటర్లో తెలుగు కొట్టడం అప్పట్లో మాకెవరికీ చేతకాదు. చేత్తో రాసి జిరాక్సు తీయాలి. కానీ నా చేతిరాత ఊరందరికీ తెలుసు. మా తెలుగు సంఘం పత్రికను నెలనెలా నేనే చేత్తో రాసేదాన్ని.

అందుకని ఆపాని రాయమన్నాను. లండన్ ఆడవాళ్ల సంగతీ, వాళ్లు చెప్పే ఆ జవాబూ చెప్పాను. కింద షాపు పేరు కూడా వేద్దామన్నాను. పేరు లేని కాగితాన్ని చెత్తబుట్టలో వేస్తారు, నీ షాపు పేరుంటే నమ్ముతారు అన్నాను. నిజమే. కానీ అందుకే అన్నానా?

ఆపా అడిగింది. "మరి ఆ లండన్ ఆడోళ్లని ఏం చేశారు?"

"ప్రశ్నలడిగి వదిలేసేవాళ్లు," అన్నాను.

ఇదీ నా తప్పు. ఇన్నేళ్లుగా ఇదే.

అబద్ధం కాదు. చాలామందిని వదిలేశారు. జైల్లో కుక్కినవాళ్లూ ఉన్నారు, విచారణల చుట్టూ తిరిగి దుకాణం మూసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల కాగితాలు అదే వారం నా సంచీలో ఉన్నాయి. సగం చెప్పాను. మిగతా సగం చెప్తే ఆమె రాయదేమోనని భయపడ్డానా, లేక రాస్తుందని, అప్పుడు తెలిసి తెలిసి ఒక మనిషిని ముందుకు తోసినదాన్ని అవుతానని భయపడ్డానా? ఈ రెండో ప్రశ్న నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు. ఆపా నా కాగితాలు ముందు పెట్టుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చుని గుండ్రటి అక్షరాలతో మొత్తం రాసింది. ఒకచోట నా వాక్యం బాగాలేదని మార్చింది కూడా. ఆమె మార్చిందే బాగుంది.

కరపత్రం చేతులు మారింది. మూడో శనివారం నేను షాపులో ఉండగా ఆ కన్సల్టెన్సీ మేనేజరు వచ్చాడు. ఒక ప్రతి తెచ్చి గల్లాపెట్టె పక్కన పడేశాడు.

"ఇది మీ షాపులోదేనా?"

"కింద అడ్రసుందిగా. చదువుకున్నోడివేగా నువ్వు."

"ఎవరు రాశారు?"

"రాత నాదే."

"రాత సంగతి కాదండీ. ఈ రూల్సు, ఈ లా పాయింట్లు మీకెక్కడివి? రాసిచ్చిందెవరో జస్ట్ పేరు చెప్పండి. మీతో మాకు ప్రాబ్లం లేదు. మీకీ షాపు అద్దెకిచ్చిన ఓనరూ, మా కుర్రాళ్లున్న ఇంటి ఓనరూ ఒకడే. నాకు ఫ్రెండు."

ఆపా నా వైపు చూసింది. ఎక్కువసేపేం కాదు. తర్వాత అతనితో అంది. "ఎవరో తెచ్చారు. బల్ల మీద పెట్టి పోయారు. పేరడగలేదు."

నేను నేర్పిన వాక్యం. మూడు వందల ఏళ్ల నాటి వాక్యం, గుంటూరు యాసలో.

"ఆడా, మగా?"

"పచ్చళ్లు అమ్ముకునేదాన్నయ్యా, వచ్చినోళ్ల జాతకాలు రాసుకోను."

అతను నా వైపు తిరిగాడు. నేను ఎవరి భార్యనో అతనికి తెలుసు. "మేడమ్, మీరు రెగ్యులర్‌గా వస్తారుగా. మీరేమన్నా చూశారా?"

"లేదండీ," అన్నాను. "నేను కరివేపాకు కోసం వచ్చాను."

ఆపా కరివేపాకు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "తాజాదేనమ్మా," అంది.

ఆ నెలలోనే పాస్‌పోర్టులు చడీచప్పుడు లేకుండా తిరిగి ఇచ్చేశారు. ఐదుగురికీ. లీజు ముగియగానే ఆపాని ఖాళీ చేయమన్నారు. పాస్‌పోర్టు అందుకున్న ఐదుగురిలో ఒకడే ఆ తమ్ముడి కథ మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది. అతన్ని తిట్టే అర్హత నాకుందా? తిట్టాను లెండి, మనసులో.

షాపు ఖాళీ చేసే రోజు సాయానికి వెళ్లాను. అందరూ మెచ్చుకున్నారు. నేను వెళ్లింది నా చేతిరాత కాగితాల కోసం. పెట్టెల్లో పుస్తకాలు సర్దుతూ ప్రతి పుస్తకం విదిలించి చూశాను. దొరకలేదు. ఆపా చూస్తూనే ఉంది. పెర్త్‌లో కానింగ్ వేల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మాకు పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చింది. నాకు డిగ్రీ వచ్చింది. నా థీసిస్ చివరి అధ్యాయంలో, అమ్మిన ఆడదాన్ని ముందు నిలబెట్టి తాము చాటున నిలబడ్డ రచయితల పిరికితనం గురించి చాలా ఘాటుగా రాశాను. పరీక్షకులు ఆ అధ్యాయాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఇప్పుడు కూడా పేరు పెట్టలేదేం అని మీరడుగుతారు. అడగండి. మా ఆయన ఇది చదివాడు. చదివి, "ఆ వీసా నా పేరు మీద ఉన్నదేగా," అన్నాడు. ఇంకో ప్రతి టైపు చేయకుండా చేత్తో రాసి కానింగ్ వేల్‌కి పోస్టు చేశాను. ఆ రాత ఎవరిదో ఆమెకు తెలుసు. క్షమించమని అందులో రాయలేదు. అడిగితే ఆమె క్షమించేస్తుంది, అది నాకు తెలుసు, అందుకే. చెప్పాను, అంతవరకు మెడ కాస్త తేలికైంది. అంతే.

ఒక్కటి మాత్రం అడిగాను. ఆ శనివారం అతనికి జవాబు చెబుతున్నంతసేపూ ఆమె ఎడమచెయ్యి గల్లాపెట్టె కింద సొరుగు మీద ఉంది. తీయకుండా, మూయకుండా, ఊరికే పెట్టుకుని ఉంది. నా వైపు చూసినప్పుడు కూడా.

ఆపా, నా కాగితాలు ఆ సొరుగులోనే ఉన్నాయా?