ఉప్పు లేని తడి

జూన్ వానలు వెళ్ళిపోయినప్పటి నుంచి సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది. నది మొగ దగ్గర అల లేచి ఇరవై మూడు రోజులు. అయినా సెలూన్ నడిపే హిదెఫుమి ట్రక్కులో, అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ బోర్డు ప్రతి ఉదయం తడిగా కనిపిస్తోంది.

ఇసొబె తమోత్సు తన దుకాణం తలుపు సందులోంచి ఆ ట్రక్కును వరసగా నాలుగు రోజులు చూశాడు. అయిదున్నరకు కొండవైపు వెళుతుంది, ఏడింటికి తిరిగి వస్తుంది. బోర్డు మీంచి నీళ్ళు కారుతుంటాయి.

"ఎక్కడో అల దొరికింది వాడికి," అన్నాడు భార్యతో. "మనకు చెప్పకుండా దాచుకుంటున్నాడు."

"దాచుకోవడానికి అదేమన్నా పుట్టగొడుగులు దొరికే తావా?" అంది ఫుజియె, చేప ముక్కల మీంచి చూపు తిప్పకుండానే.

తమోత్సుకు అరవై ఒకటి. తండ్రి దగ్గర నేర్చుకున్న తతామి చాపల పని చేస్తాడు. మందపాటి గడ్డి పరుపుకు అంచు గుడ్డ పెట్టి, పొడుగాటి సూది గుచ్చి, మోచేత్తో అదిమి దారం లాగుతాడు. నలభై ఏళ్ళ ఆ లాగుడు వల్ల అతని భుజాలు ఇప్పటికీ కుర్రవాళ్ళ భుజాల్లాగే ఉన్నాయి. పాడైంది ఎడమ మోకాలు.

మొగ దగ్గర అల ఒక్క చోటే విరుగుతుంది, నల్లరాయికి ఎదురుగా. ఆ చోట కూర్చున్నవాడిదే మొదటి అల. పద్నాలుగేళ్ళుగా అది తమోత్సు చోటు. బోర్డు మీద నిలబడలేనివాడు అక్కడ కూర్చోడు. వరసగా మూడుసార్లు పడిపోయినవాడు, ఎవరూ ఏమీ అనకముందే, తనంతట తను ఒడ్డువైపు జరుగుతాడు. తర్వాతి చోటులో కూర్చునేది హిదెఫుమి. వాడికి నలభై ఏడు.

పోయిన సెప్టెంబరు తుఫానులో తమోత్సు రెండుసార్లు పడ్డాడు. రెండోసారి నీళ్ళ అడుగున ఎంతసేపున్నాడో అతనికి గుర్తు లేదు. పైకి వచ్చాక మూడో అల కోసం ఆగకుండా, ఆకలేస్తోందని చెప్పి ఒడ్డుకు వెళ్ళిపోయాడు. ఆ మూడోది ఇంకా బాకీ ఉన్నట్టే అందరూ మర్యాదగా ఊరుకున్నారు.

అందుకే ఇప్పుడు రోజూ దుకాణం తెర దించి, కొత్త చాప మీద బోర్లా పడుకుని, అరచేతులతో ఒక్క తోపు తోసి రెండు కాళ్ళ మీదికి లేస్తున్నాడు. ముప్పై సార్లు. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుంది. పాదాలు రెండూ కలిసి పడితే ఒక చప్పుడు. ముందు మోకాలు ఆనితే రెండు.

"రెండు!" అని అరుస్తుంది ఫుజియె లోపలి నుంచి.

"లెక్కపెట్టమని నిన్నెవరడిగారు?"

"చెవులున్నాయి కదా, ఏం చేయను? ఇదిగో, మళ్ళీ రెండు."

ఆ శనివారం తమోత్సు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడు. హిదెఫుమి చేతులు బాగా నల్లబడ్డాయి. మెడ కూడా లావెక్కింది.

"ఈమధ్య సముద్రంలో దిగావా?" అని అడిగాడు తమోత్సు, అద్దంలోంచి చూస్తూ.

"అలలేవీ, తమోత్సు సాన్? చేపలు కూడా విసుగెత్తి నిద్రపోతున్నాయి." హిదెఫుమి కత్తెర ఆపాడు. "మీరిప్పుడెంత బరువుంటారు?"

"నా బరువు నీకెందుకు?"

"ఊరికే. కుర్చీ కిర్రుమంటోంది."

"అరవై ఎనిమిది."

"అంతేనా? చూస్తే ఇంకా ఉన్నట్టున్నారు," అన్నాడు హిదెఫుమి, అతని భుజాన్ని బేరానికొచ్చిన పశువును తడిమినట్టు తడిమి.

బయటికి వచ్చాక తమోత్సు నేరుగా ఇంటికి వెళ్ళలేదు. సెలూన్ వెనక ట్రక్కులో బోర్డు ఇంకా తడి ఆరలేదు. అటూ ఇటూ చూసి, బోర్డును వేలితో రుద్ది, ఆ వేలు నాలుకకు తాకించాడు.

ఉప్పు లేదు.

అలను దాచుకున్నాడనుకున్నప్పుడు ఉత్త కోపమే ఉండింది. ఇప్పుడు వేలిని చొక్కాకు తుడుచుకుని మరోసారి ఆలోచించాడు. మంచినీళ్ళలో అలలుండవు. అక్కడికి బోర్డుతో వెళ్ళేవాడు చేతులు గట్టిపరచుకోవడానికే వెళతాడు. అదీ ఎవరికీ తెలియకుండా. మళ్ళీ ఎదుటివాడి బరువెంతో, ఎంత ముసలివాడయ్యాడో ఆరా తీస్తాడు.

ఇంటికి వెళ్ళి అటకమీద తన పాత వెట్‌సూట్ కోసం వెతికాడు. మోకాలి దగ్గర చిరిగితే పచ్చటి తతామి దారంతో తనే కుట్టుకున్న నల్ల రబ్బరు సూట్ అది. కనిపించలేదు.

"చెత్తలో వేశాను," అంది ఫుజియె.

"రబ్బరు చెత్త తీసుకెళ్ళేది నెలకొక్కసారి. ఈ నెల బండి ఇంకా రానేలేదు."

ఆమె ముల్లంగి తరుగుతూ ఉండిపోయింది.

సోమవారం సెలూన్లకు సెలవు. తమోత్సు తెల్లవారుతుండగానే సైకిలు మీద కొండదారి పట్టాడు. వరిపొలాలకు నీళ్ళిచ్చే చెరువు గట్టు కింద ట్రక్కు ఆగి ఉంది. సైకిలు పడుకోబెట్టి, గడ్డిలో వంగి గట్టెక్కాడు.

చెరువు మధ్య హిదెఫుమి. అతని పక్కన నీళ్ళలో ఒక మనిషి బోర్లా తేలుతున్నాడు.

తమోత్సు అరవబోయి ఆగాడు. ఆ మనిషికి తల లేదు. ఇసుకా ఖాళీ సీసాలూ కూరి, మెడ దగ్గర కట్టేసిన వెట్‌సూట్ అది. హిదెఫుమి బోర్డును బోర్లించాడు. సూట్ చేతులు రెండూ దాని మీదుగా లాగి పట్టుకుని, తన బరువంతా వెనక్కి వేసి ఒక్క తిప్పు తిప్పాడు. బోర్డు వెల్లకిలా పడింది. సూట్ దాని మీదికి వచ్చి పడింది. ఎడమ మోకాలి దగ్గర పచ్చటి దారం కుట్లు కనిపించాయి.

వెనక నుంచి ఎక్కి, రొప్పుతూ, రెండు చేతులా నీళ్ళు తోస్తూ హిదెఫుమి ఆ సూట్‌ను ఒడ్డుకు తెచ్చాడు. తల ఎత్తేసరికి గట్టు మీద తమోత్సు.

తమోత్సు గట్టు దిగి నీటి అంచుకు వచ్చాడు.

"నా శవాన్ని మోయడం నేర్చుకుంటున్నావా?" అన్నాడు తమోత్సు.

"శవాన్నయితే మెల్లగా తేవచ్చు, తమోత్సు సాన్. ఇంత తొందరెందుకు?" హిదెఫుమి ముఖం తుడుచుకున్నాడు. "పోయినసారి మిమ్మల్ని నేనే పట్టుకున్నాను. రెండుసార్లు జారిపోయారు. బోర్డు మీదికి ఎక్కించలేకపోయాను. మీకు గుర్తు లేదు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే మీరు నల్లరాయి దగ్గర కూర్చునేవారా?"

తమోత్సు ఆ ముఖంలోకి పట్టి పట్టి చూశాడు. ఇంత మంచితనం వెనక ఆ చోటు మీద కన్ను లేదని ఎలా నమ్మడం? తను కూడా అదే వయసులో, అదే చోటు మీద కన్నేసి, ముందున్న పెద్దాయన పడ్డ ప్రతిసారీ లోలోపల లెక్కపెట్టాడు.

వంగి సూట్‌ను కాలి దగ్గర పట్టి ఎత్తి చూశాడు.

"అరవై ఎనిమిదన్నాను. ఇది డెబ్భై అయిదుంది."

"సూట్ ఇచ్చినప్పుడు మీ ఆవిడ అంతే చెప్పింది."

తమోత్సు చొక్కా విప్పి గడ్డి మీద పడేశాడు. "ఇసుకకు చేతులు బిగుసుకోవు. మనిషి బిగుసుకుంటాడు. నన్ను లాగు చూద్దాం."

ఆ రోజు నుంచి ఇద్దరూ వెళ్ళారు. సగం సేపు తమోత్సు శవంలా తేలేవాడు. మిగతా సగం హిదెఫుమిని వెనక తాడుకు కట్టుకుని, చేతులు తెడ్లలా వేస్తూ చెరువును అడ్డంగా ఈదేవాడు. దుకాణంలో చాప మీద లేవడం మానలేదు.

ఆగస్టు రెండోవారంలో తుఫాను వచ్చింది. పొద్దున్నే మొగ దగ్గర ఏడుగురు నీళ్ళలో ఉన్నారు. నల్లరాయికి ఎదురుగా తమోత్సు కూర్చున్నాడు. చేయి చాపితే అందేంత దూరంలో హిదెఫుమి.

మొదటి అలకు మోకాలు ఆనింది. పడ్డాడు. తేలేసరికి పక్కన హిదెఫుమి, అప్పటికే బోర్డు బోర్లిస్తూ.

"ముట్టుకున్నావంటే చంపేస్తా."

"ముట్టుకోలేదు. చూస్తున్నానంతే."

రెండోదానికీ పడ్డాడు. ఈసారి ఎవరూ అటు చూడలేదు. అందరూ ఒకేసారి దిగంతంలో ఏదో వెతుక్కున్నారు. హిదెఫుమి కూడా.

మూడోది పెద్దది. తమోత్సు తోసుకుంటూ వెళ్ళాడు. అరచేతులు నొక్కాడు. కాళ్ళ కింద బోర్డు ఒక్కసారే దడ్‌మంది.

ఇంటికి వచ్చేసరికి ఫుజియె వాకిట్లో నిలబడి ఉంది.

"ఎన్ని చప్పుళ్ళు?"

"ఒకటే."

ఆమె అతని ఎడమ మోకాలివైపు చూసింది. చర్మం ఎర్రగా గీరుకుపోయి ఉంది. లోపలికి వెళ్ళి, ఎన్ని చప్పుళ్ళో హిదెఫుమిని అడగడానికి సెలూన్‌కు ఫోన్ చేసింది.