స్కేటింగ్ ఫలితాలు చూడనివ్వని మా లీడ్

ఈ మధ్యాహ్నం హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్ టీవీలో ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ ఫలితాలు వస్తున్నాయి. చిన్నప్పుడు స్కేటింగ్ నేర్చుకున్న మా టీమ్ స్వప్న, తనకిష్టమైన జపాన్ అమ్మాయి మార్కుల కోసం తినడం మానేసి చూస్తోంది. మా టీమ్ లీడ్ వచ్చి ఛానెల్ మార్చేశాడు.

"రేపు మీవాళ్ల బంద్ ఉందో లేదో చూడాలి. తెలంగాణవాళ్లకి ఈ ఐసు ఆటలెందుకండీ?" అన్నాడు. టేబులంతా నవ్వింది.

"బంద్ ఉన్నది సార్, నేను చెప్తున్న. ఇగ ఆ రిమోట్ ఇటియ్యుండ్రి," అంది స్వప్న.

ఇవ్వలేదు. నేనే లాక్కుని ఇచ్చాను. అప్పటికే కార్యక్రమం అయిపోయింది. ఆ అమ్మాయికి రజతం వచ్చిందని నెట్‌లో చదువుకుంది స్వప్న.

ఇందాక లీడ్ ఫోన్ చేశాడు. "మనిద్దరిదీ గుంటూరే కదా, మీరు వాళ్లవైపు ఎలా వెళ్తారండీ?"

ఒళ్లు మండిపోయింది. నన్ను తిట్టాలనుకునే గుంటూరువాళ్లు కింద కామెంట్లలో మొదలుపెట్టండి.